నైలు వరదను ఎలా కొలిచేవారు? ఆ కొలత ఎవరికి అవసరమైంది?

మీ ప్రశ్న ఇది: నైలు నది ఏటా పొంగుతుందని ఈజిప్టులో అందరికీ తెలుసు, పొలంలోకి నీళ్లొస్తే కంటికే కనిపిస్తుంది, అలాంటప్పుడు ప్రాచీన ఈజిప్షియన్లు రాతి మెట్లు కట్టి, బావులు తవ్వి, గోడల మీద గీతలు చెక్కి మరీ ఆ వరదను ఎందుకు కొలిచారు, ఎలా కొలిచారు? నేను నీటిపారుదల శాఖలో చాలా ఏళ్లు గేజి రీడింగుల పని చూశాను. నైలోమీటర్లు, అంటే నైలు నీటిమట్టం కొలిచే కట్టడాల గురించి దొరికిందల్లా చదవడం ఆ ఉద్యోగంలోనే అలవాటైంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎందుకో చెబుతాను, అది తెలిస్తే ఎలా అన్నది తేలిగ్గా అర్థమవుతుంది.

ఈజిప్టులో వాన లేదు. కైరోలో ఏడాది మొత్తానికి పాతిక మిల్లీమీటర్లు పడితే గొప్ప, అస్వాన్‌లో అదీ ఉండదు. వరద నీళ్లన్నీ ఇథియోపియా పీఠభూమి మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానల నుంచి వచ్చేవి. తానా సరస్సు దగ్గర పుట్టే నీలి నైలు, దానికి ఉత్తరాన అట్బరా, ఈ రెండూ ఆ నీటిని, దాంతోపాటు నల్లటి ఒండ్రుని మోసుకొచ్చేవి. విక్టోరియా సరస్సు వైపు నుంచి వచ్చే తెల్ల నైలు ఏడాదంతా దాదాపు ఒకేలా పారుతుంది. నది ఎండాకాలంలో ఎండిపోకుండా కాపాడేది అదే, కానీ వరద తెచ్చేది అది కాదు. అస్వాన్ దగ్గర జూన్ చివర్లో నీరు పెరగడం మొదలయ్యేది, సెప్టెంబరు మొదట్లో గరిష్ఠానికి చేరేది, తర్వాత తీసేది.

పొలాలను గట్లతో పెద్దపెద్ద మడులుగా విడగొట్టేవారు. నది పొంగినప్పుడు కాలువల ద్వారా నీటిని ఆ మడుల్లోకి వదిలి, నలభై నుంచి అరవై రోజులు నిలగట్టి, నది తగ్గాక మళ్లీ నదిలోకే వదిలేసేవారు. ఆ నీటితోపాటు నేలలోని ఉప్పు కూడా కడుక్కుపోయేది. వేల ఏళ్లు సాగుచేసినా ఆ భూములు చౌడుబారలేదంటే కారణం ఇదే. మిగిలిన బురదలో అక్టోబరు, నవంబరుల్లో గోధుమ, యవలు, అవిసె చల్లేవారు. ఆ తర్వాత కోత దాకా ఒక్క చినుకు పడదు. నేలలో ఇంకిన ఆ పదునే పంటకు మొత్తం ఆస్తి.

ఇక్కడే మన సేద్యానికీ దానికీ పెద్ద తేడా ఉంది. మనకు జూన్‌లో వాన మొండిచేయి చూపినా ఆగస్టులో ఆదుకోవచ్చు, ఖరీఫ్ పోయినా తుఫాను వానతో చెరువు నిండి రబీ పండొచ్చు. అంటే పంట సంగతి చివరిదాకా తేలదు. ఈజిప్టులో ఏడాదికి ఒక్కటే నీటి తడి. సెప్టెంబరు దాటేసరికి ఏప్రిల్‌లో ఎంత భూమి పండగలదో దాదాపు తేలిపోయేది. ఒక దేశం మొత్తం తిండి గింజల లెక్కను ఏడెనిమిది నెలల ముందే చెప్పగలిగే సంఖ్య అది. పొలంలో నీళ్లు చూసిన రైతుకు తన పొలం సంగతే తెలుస్తుంది. నది మట్టం చూసినవాడికి దేశం సంగతి తెలుస్తుంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

ఇంకో విషయం. వాళ్లు కొలిచింది ఎత్తుని, నీటి పరిమాణాన్ని కాదు. అది తెలియక చేసింది కాదు. మడుల్లోకి నీళ్లెక్కేది పల్లానికి పారే గుణంతోనే, అంత నీటిని తోడే యంత్రాలు లేవు. నది ఎంత ఎత్తుకి లేస్తే అంత మెరక భూమి తడుస్తుంది. ఒక మూర తగ్గిందంటే ఎడారి అంచున ఉన్న మెరక మడులు ఆ ఏడాదికి బీడే. కాబట్టి ఎన్ని ఘనపుటడుగులు పారింది అన్న లెక్క కన్నా ఎంత ఎత్తుకి లేచింది అన్న లెక్కే సాగుకి సూటిగా పనికొచ్చేది.

వరద ఎప్పుడొస్తుందో అన్నది వేరే సంగతి. జులై మధ్యలో తెల్లవారుజామున తూర్పున లుబ్ధక నక్షత్రం మళ్లీ కనిపించడం వరదకు సూచన అని వాళ్లకు తెలుసు. కానీ నక్షత్రం వరద వస్తుందని చెబుతుంది గానీ ఎంత వస్తుందో చెప్పదు. ఆ ఎంత కోసమే కొలత.

కొలత ప్రమాణం మూర. ఈజిప్టు రాజ మూర సుమారు 52.5 సెంటీమీటర్లు. దానికి ఏడు బెత్తెలు, ఒక్కో బెత్తెకి నాలుగు వేళ్లు, మొత్తం 28 వేళ్లు. ఒక వేలు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. నది మట్టాన్ని ఆ స్థాయిలో చదివారంటే కొలతని ఎంత పట్టుదలగా తీసుకున్నారో చూడండి. దీనికి పాత సాక్ష్యం పలెర్మో శిల. ఐదో రాజవంశం కాలానికి చెందిన ఈ రాతి ముక్క ఇప్పుడు ఇటలీలోని పలెర్మో మ్యూజియంలో ఉంది, దాని తోటి ముక్కలు కైరోలో, లండన్‌లో ఉన్నాయి. మొదటి రాజవంశం నుంచి ఒక్కో ఏడాదికి ఒక్కో గడి గీసి, ఆ ఏడాది జరిగిన ముఖ్య సంగతులు రాసి, గడి కింద వరద ఎత్తుని మూరలు, బెత్తెలు, వేళ్లలో చెక్కారు. ఏ పండగ చేశారు, ఏ విగ్రహం ప్రతిష్ఠించారు అన్న వాటికి ఎంత చోటిచ్చారో వరద ఎత్తుకీ అంత పక్కాగా చోటిచ్చారు. దాదాపు ఐదు వేల ఏళ్ల కిందటి రీడింగులవి. గేజి పుస్తకం నింపినవాళ్లెవరికైనా ఆ రాయి ఫొటో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఎలా కొలిచేవారో చెబుతాను. అన్నిటికన్నా తేలికైన పద్ధతి రేవు గోడ మీద గీత. కర్నాక్ ఆలయం ముందున్న రేవు గోడ మీద 22వ రాజవంశపు రాజు మొదటి షెషాంక్ నుంచి 26వ రాజవంశం వరకు ఆయా ఏళ్ల వరద మట్టాలు, రాజు పేరు, పాలనా సంవత్సరంతో సహా చెక్కి ఉన్నాయి. ఇది రికార్డుకి బాగుంటుంది గానీ రోజువారీ రీడింగుకి ఇబ్బంది. వరదలో ఉన్న నది ఉపరితలం ఒకచోట నిలవదు. అలలు, సుళ్లు, కొట్టుకొచ్చే చెట్లు. నీళ్లలో గుంజ పాతి చదివితే జానెడు అటూ ఇటూ అవుతుంది.

అందుకే తర్వాతి రెండు రకాలు వచ్చాయి. ఒకటి, ఒడ్డు నుంచి రాతి గోడల మధ్యగా నదిలోకి దిగే మెట్ల దారి. రెండోది, ఒడ్డుకు కాస్త లోపలగా తవ్వి, సొరంగంతో నదికి కలిపిన బావి. రెంటిలోనూ సూత్రం ఒకటే: నది మట్టం ఎంతో లోపలి మట్టమూ అంతే, కానీ ప్రవాహం హడావుడి లోపలికి రాదు. నిలకడగా ఉన్న నీటి అంచు గోడ మీది గీతకు ఎక్కడ తగిలిందో చూస్తే చాలు. ఈ రోజుకీ నదుల ఒడ్డున గేజి స్టేషన్లలో కట్టే స్టిల్లింగ్ బావి సరిగ్గా ఇదే. పైన సెన్సర్ వచ్చింది, లోపల ఏమీ మారలేదు.

మెట్ల దారి చూడాలంటే అస్వాన్ ఎదుట నది మధ్యలో ఉన్న ఎలిఫాంటైన్ దీవికి వెళ్లాలి. ప్రాచీన ఈజిప్టు దక్షిణపు సరిహద్దు అది. వరద దేశంలోకి అడుగుపెట్టే గుమ్మం. అక్కడ సటెట్ దేవత ఆలయం దగ్గర తొంభై మెట్ల నైలోమీటరు ఉంది. ఇప్పుడు కనిపించే కట్టడం రోమన్ల కాలం నాటిది. గోడ మీద మూరల గీతలు, రోమన్ చక్రవర్తుల పాలనా సంవత్సరాలతో గ్రీకులో చెక్కిన వరద గుర్తులు ఉన్నాయి. వాటికి పక్కనే 19వ శతాబ్దంలో బిగించిన పాలరాతి కొలబద్దలు. నెపోలియన్ దండయాత్రతో వచ్చిన ఫ్రెంచి ఇంజనీరు గిరార్ 1799లో దీన్ని గుర్తించాడు, ఈజిప్టు ఖగోళవేత్త మహమూద్ అల్-ఫలకీ 1870లో బాగుచేయించి మళ్లీ వాడుకలోకి తెచ్చాడు.

దీని గురించి అందరికన్నా స్పష్టంగా రాసింది గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో. క్రీ.పూ. 25 ప్రాంతంలో రోమన్ గవర్నరుతో కలిసి నైలు వెంట పైదాకా ప్రయాణించాడు. ఎలిఫాంటైన్‌లో రాతి కట్టుబావి ఉందని, నదితోపాటే అందులో నీరు ఎక్కి దిగుతుందని, గోడ మీద అతి పెద్ద, అతి చిన్న, మధ్యరకం వరదల గుర్తులు ఉన్నాయని రాశాడు. కాపలా ఉన్నవాళ్లు వాటిని చూసి, రాబోయే వరద ఏపాటిదో ముందే కనిపెట్టి మిగతావాళ్లకు చెప్పేవారట. ఎవరికి ఉపయోగమో కూడా చెప్పాడు: నీటి పంపకం, గట్లు, కాలువల పనులకు రైతులకు, ఆదాయం అంచనాకు అధికారులకు. వరద ఎంత పెద్దదైతే శిస్తు అంత ఎక్కువ అని సూటిగానే రాశాడు.

పూజారులు ఈ రీడింగుల్ని రహస్యంగా దాచి, జనాన్ని మాయచేసేవారని ఇంటర్నెట్‌లో తరచూ రాస్తుంటారు. కొలిచే చోట్లు చాలావరకు ఆలయాల దగ్గరే ఉన్న మాట నిజమే, వరదను హాపీ అనే దేవుడిగా పూజించిన మాటా నిజమే. కానీ స్ట్రాబో చెప్పింది అందుకు పూర్తిగా ఎదురుగా ఉంది, వాళ్లు చెప్పేవాళ్లే. ఎలిఫాంటైన్‌లో చదివిన సంఖ్య ఇప్పటి కైరో దగ్గరున్న పాత రాజధాని మెంఫిస్‌కి నీటికన్నా ముందు చేరితేనే దానికి విలువ. గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ మనుషుల్ని నిలబెట్టడానికి, ఏ కాలువ తల ఎప్పుడు తెరవాలో నిర్ణయించడానికి ఆ కొద్ది రోజులే దొరికేవి.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించాలి. అన్ని చోట్లా ఒకే సంఖ్య రాదు. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ప్రకారం వరద ఎలిఫాంటైన్‌లో 28 మూరలు, మెంఫిస్ దగ్గర 14, డెల్టాలోని మెండెస్ దగ్గర 6. పైన ఇరుకు లోయలో నీరు నిలువుగా లేస్తుంది, కింద డెల్టాలో పాయలుగా చీలి పరుచుకుంటుంది. మన గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 53 అడుగుల దగ్గర, ధవళేశ్వరంలో 17.75 అడుగుల దగ్గర ఇస్తారు కదా, అలాంటిదే. కాబట్టి ఎక్కడైనా "ఇన్ని మూరల వరద" అని చదివితే, ఏ ఊరి గేజిలో అని ముందు అడగండి. పుస్తకాల్లో సగం గందరగోళం ఇది అడగకపోవడం వల్లే.

మెంఫిస్ ప్రాంతపు లెక్కతో రోమన్ రచయిత ప్లినీ ఇచ్చిన పట్టిక బాగా ప్రసిద్ధం. 12 మూరలకు ఆకలి, 13కి ఇంకా కరువే, 14కి సంతోషం, 15కి నిశ్చింత, 16కి ఆనందం. ఆకలికీ ఆనందానికీ మధ్య ఉన్నది నాలుగు మూరలు, అంటే రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. తనకు తెలిసినంతలో అతి పెద్ద వరద క్లాడియస్ చక్రవర్తి కాలంలో 18 మూరలని, అతి చిన్నది ఫార్సాలస్ యుద్ధం జరిగిన ఏడాది, అంటే క్రీ.పూ. 48లో, 5 మూరలని కూడా ఆయనే రాశాడు. పదహారు అన్న సంఖ్య ఎంత స్థిరపడిందంటే, వాటికన్ మ్యూజియంలో ఉన్న నైలు దేవుడి పాలరాతి విగ్రహం మీద పదహారు మంది పసిపిల్లలు ఎగబాకుతూ ఉంటారు, మూరకొక బిడ్డ.

ఎక్కువైనా కష్టమే. గట్లు తెగేవి, దిబ్బల మీద కట్టుకున్న ఊళ్లలోకీ ధాన్యం కొట్లలోకీ నీళ్లొచ్చేవి. నీరు ఆలస్యంగా తీస్తే విత్తే అదను దాటిపోయేది.

ఇప్పుడు శిస్తు సంగతి. "నైలోమీటరు చూసి ఫారో పన్ను వేసేవాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఫారోల కాలానికి అది అంత సూటిగా సరిపోదు. నది మట్టం మొత్తం మీద అంచనా ఇస్తుంది. ఏ పొలం తడిసింది, ఏది తడవలేదు అన్నది పొలంలోకి దిగి చూడాల్సిందే. లక్సర్ దగ్గర మెన్నా అనే అధికారి సమాధి గోడ మీద పంట కోతకొచ్చిన చేలో తాడు పట్టుకుని కొలుస్తున్న మనుషుల బొమ్మలు ఉన్నాయి, వాళ్ల వెనక లేఖకులు రాసుకుంటూ ఉంటారు. ఐదో రామ్సెస్ కాలం నాటి విల్బర్ పపైరస్ పది మీటర్ల పొడవున్న భూముల రిజిస్టరు. పొలాన్ని రకాన్ని బట్టి అరూరాకి 5, 7½, 10 సంచుల లెక్కన అంచనా కట్టారు అందులో. అరూరా అంటే వంద మూరల పొడవు, వంద మూరల వెడల్పు, ఎకరంలో మూడింట రెండొంతులు. నది కొంత పొలాన్ని కోసేస్తే రాజు మనుషులు వచ్చి కొలిచి, ఆ మేరకు శిస్తు తగ్గించేవారని, భూమి కొలిచే విద్య అక్కడే పుట్టిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కాబట్టి నా అభిప్రాయం ఇది: నైలోమీటరు సంఖ్య రాజ్యానికి బడ్జెట్ అంచనా, తాడు కొలత అసలు డిమాండ్, అంటే ఎవరు ఎంత కట్టాలన్న లెక్క. రెండూ కలిస్తేనే శిస్తు.

వరద తప్పితే ఇంట్లో ఏం జరిగేదో చూడాలంటే హెకానఖ్త్ ఉత్తరాలు చదవాలి. క్రీ.పూ. 1950 ప్రాంతంలో పొలాలున్న ఒక పూజారి, పని మీద ఊరొదిలి వెళ్లి, ఇంటికి రాసిన ఉత్తరాలవి. 1921–22లో అమెరికన్ తవ్వకాల్లో దెయిర్ అల్-బహ్రీ దగ్గర ఒక సమాధిలో దొరికాయి. ఒక ఉత్తరంలో ఇంట్లో ఒక్కొక్కరి పేరూ రాసి, నెలకు ఎవరికి ఎంత ధాన్యమో లెక్క కట్టి ఇచ్చాడు. వరదను బట్టే ఈ కొలత, గొణగొద్దు, పూర్తిగా చావడం కన్నా అర్ధాకలి నయం అన్న ధోరణిలో రాశాడు. ఇక్కడ మనుషుల్ని తినడం మొదలుపెట్టారు అని కూడా రాశాడు. ఆ మాట నిజంగా జరిగిందా, ఇంట్లోవాళ్లను భయపెట్టడానికి పెంచి రాశాడా అని పండితులు వాదించుకుంటారు. నన్ను కదిలించేది మాత్రం ఆ రేషను పట్టికే. రాజ్యం పెద్ద ఎత్తున చేసిన లెక్కనే ఒక ఇంటి పెద్ద తన వంటింటికి చేసుకున్నాడు.

రాజ్యం వైపు నుంచి కూడా అలాంటి నమోదులు ఉన్నాయి. ఈజిప్టుని ఏలిన గ్రీకు వంశపు రాజు మూడో టాలెమీ కాలంలో, క్రీ.పూ. 238లో వెలువడిన కానోపస్ శాసనం ఒక ఏడాది నది సరిగా పొంగలేదని, రాజు చాలావరకు శిస్తు వదులుకుని, సిరియా, ఫినీషియా, సైప్రస్‌ల నుంచి ఎక్కువ ధర పెట్టి ధాన్యం తెప్పించాడని చెబుతుంది. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 136లో వరుసగా రెండు చిన్న వరదలు వచ్చాయని పన్ను బకాయిలకు వాయిదాలిచ్చాడు. దక్షిణాన థీబ్స్ వైపు వారికి ఐదేళ్లు, మధ్య ప్రాంతానికి నాలుగేళ్లు, డెల్టాకు మూడేళ్లు. ఏ ప్రాంతం ఎంత దెబ్బతిందో కొలిచి చూస్తే తప్ప ఐదు, నాలుగు, మూడు అన్న తేడా రాదు. పొలం తడవలేదని రైతులు రాసిచ్చిన అర్జీలు కూడా ఆ కాలం పపైరస్‌లలో చాలా దొరికాయి. రెమిషన్, అంటే శిస్తు మాఫీ దరఖాస్తులన్న మాట.

ఫారోల కాలం దాటినా ఈ కొలత ఆగలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన నైలోమీటరు నిజానికి ఇస్లామిక్ కాలానిది: కైరోలో రోడా దీవి దక్షిణపు కొసన 861లో అబ్బాసిద్ ఖలీఫా అల్-ముతవక్కిల్ కట్టించింది. ఖగోళవేత్త అల్-ఫర్ఘానీ పనిని నడిపించాడని చెబుతారు. దీని లోపలి పని చూస్తే ఇంజనీర్లు ముచ్చటపడతారు. పైన చతురస్రంగా మొదలై కింద గుండ్రంగా మారే రాతి బావి. నదికి కలుపుతూ వేర్వేరు ఎత్తుల్లో మూడు సొరంగాలు. మట్టం ఎక్కడున్నా ఏదో ఒక దాంట్లోంచి నీరు లోపలికి చేరాల్సిందే, ఒకటి పూడినా రీడింగు ఆగదు. గోడ వెంబడి చుట్టూ దిగే మెట్లు. నడిమధ్యన ఎనిమిది పలకల పాలరాతి స్తంభం, దాని మీద మూరల గీతలు, మూరకు 24 వేళ్ల విభజన. నీటి ఒత్తిడికి స్తంభం ఒరిగిపోకుండా పైన అడ్డదూలం వేశారు. గోడల మీద వాన, పైరుల గురించిన ఖురాన్ వాక్యాలు కూఫీ అనే పాత అరబిక్ లిపిలో ఉన్నాయి. సొరంగం నోళ్ల మీది కొనదేరిన కమానులు ఐరోపాలో గోథిక్ చర్చిల కమానులకన్నా సుమారు మూడు శతాబ్దాలు ముందువి.

రీడింగు తీసే ఉద్యోగం ఇబ్న్ అబీ అర్-రద్దాద్ కుటుంబానికి దక్కి, వంశపారంపర్యంగా శతాబ్దాల పాటు వాళ్ల చేతుల్లోనే ఉంది. నీరు 16 మూరలకు చేరితే నైలు మాట నిలబెట్టుకుందని పండగ. తర్వాత ఈజిప్టుని ఏలిన ఫాతిమిద్ ఖలీఫాల కాలంలో ఆ రోజు రీడింగు అధికారి బట్టలతోనే బావి నీళ్లలోకి దిగి, స్తంభానికి కుంకుమపువ్వు, కస్తూరి పూసేవాడు. తర్వాత నగరంలోకి వెళ్లే కాలువ మట్టికట్టను తెగ్గొట్టేవారు. ఆ 16 రానిదే భూమి శిస్తు అడగడానికి వీల్లేదు.

రహస్యం గురించి ఇందాక రాశాను కదా. నిజంగా రహస్యం పాటించిన సందర్భం ఒకటుంది, అది ఈ కాలంలోనే. నది రోజుకెన్ని వేళ్లు పెరిగిందో కైరో వీధుల్లో చాటింపు వేయడం ఆనవాయితీ. 973లో కైరోకి వచ్చిన ఫాతిమిద్ ఖలీఫా అల్-ముయిజ్ 16 మూరలు నిండేదాకా ఆ చాటింపు వద్దని ఆపించాడు. పెరుగుదల ఒక్క రోజు నెమ్మదించిందని చాటగానే జనం టెన్షన్ పడి ధాన్యం కొని దాచుకునేవారు, ఉన్నవాళ్లు కొట్లకు తాళాలేసేవారు, నది సంగతి తేలకముందే రొట్టె ధర చుక్కలనంటేది. ఖలీఫా ఉత్తర్వుని చరిత్రకారుడు అల్-మక్రీజీ మెచ్చుకున్నాడు. నాకూ అది సమంజసమే అనిపిస్తుంది, కాకపోతే ఒక చిక్కుంది. చెప్పకపోతే పుకారు పుడుతుంది. వరద సమయంలో గేజి బులెటిన్ గంట ఆలస్యమైతే ఊళ్లలో ఏం జరుగుతుందో చూసినవాణ్ణి కాబట్టి, దాచడం కన్నా గింజల కొట్లు తెరిచి చూపించడం మేలని నా నమ్మకం.

భయం ఊరికే కాదు. 1200లో నది 12 మూరల 21 వేళ్ల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు కైరోలో ఉన్న వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అల్-బగ్దాదీ, తర్వాతి రెండేళ్లలో కళ్లారా చూసిన కరువుని రాసిపెట్టాడు. అది చదవడానికి గుండె ధైర్యం కావాలి.

ఈ కొలతలో ఒక లోపం కూడా ఉంది, నిపుణులు కాని వాళ్లు దీన్ని పట్టించుకోరు. నది ఏటా ఒండ్రు పరిచేది, సుమారుగా శతాబ్దానికి పది సెంటీమీటర్లు. నది అడుగూ లేస్తుంది, పొలమూ లేస్తుంది, కానీ రాతి మీద గీత ఉన్నచోటే ఉంటుంది. అంటే పాత 16 చదివినా కొత్త పొలాలకు నీళ్లు పూర్తిగా ఎక్కవు. పూర్వం మెంఫిస్ దగ్గర ఎనిమిది మూరలు చాలేవని, తన కాలానికి పదిహేను పదహారు కావాల్సి వచ్చిందని హెరొడోటస్ అప్పుడే రాశాడు. ఆయన చెప్పిన వేగం నమ్మశక్యం కాదు గానీ, గమనించిన విషయం సరైనదే. రోడాలో కూడా 11వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి, పర్షియన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో 18 మూరలు రాకపోతే శిస్తు వేయరని రాశాడు.

ఆ లోపం ఉన్నా రోడా రికార్డు ప్రపంచంలో అతి పొడవైన నీటి కొలతల వరుస అయింది. ఈ కట్టడానికి ముందున్న గేజిల రీడింగులతో కలిపి 622 నుంచి 1284 దాకా 663 ఏళ్ల కనిష్ఠ మట్టాలు దాదాపు తెగకుండా దొరుకుతాయి, తర్వాతి శతాబ్దాలవి ఖాళీలతో. బ్రిటిష్ జలశాస్త్రవేత్త హెరాల్డ్ హర్స్ట్ 1906లో ఈజిప్టుకి వచ్చి ఆ నదితోనే జీవితం గడిపాడు. ఒక శతాబ్దం ఒడుదొడుకుల్ని తట్టుకోవాలంటే జలాశయం ఎంత పెద్దది ఉండాలి అన్నది ఆయన ముందున్న లెక్క. ఏ ఏడాది వరద దానిదే, పక్క ఏడాదితో సంబంధం లేదు అనుకుంటే ఒక జవాబు వస్తుంది. నైలు రికార్డు అంతకన్నా చాలా పెద్ద జలాశయం కావాలంది. కారణం, నైలులో మంచి ఏళ్లు గుంపుగా వస్తాయి, చెడ్డ ఏళ్లూ గుంపుగానే వస్తాయి. 1951లో ఆయన ప్రచురించిన ఈ ఫలితం గణాంక శాస్త్రంలో హర్స్ట్ సూచికగా నిలిచింది, ఇప్పుడు షేర్ మార్కెట్ లెక్కల్లో కూడా వాడుతున్నారు. కరువు ఒక్క ఏడాదితో పోదు అని ఈజిప్టు కథలన్నీ చెబుతాయి. సెహెల్ దీవి బండ మీద టాలెమీల కాలంలో చెక్కిన శాసనం, జోసర్ రాజు హయాంలో ఏడేళ్లు నైలు పొంగలేదని చెబుతుంది.

మనకు దీంతో నిజమైన సంబంధం ఒకటుంది. ఇథియోపియా వానలూ మన నైరుతి రుతుపవనాలూ ఒకే కాలంలో వస్తాయి, ఎల్ నినో రెంటినీ దెబ్బతీస్తుంది. 1877లో నైలు 19వ శతాబ్దంలోనే అతి తక్కువ వరదల్లో ఒకటిగా నమోదైంది, దక్షిణ ఈజిప్టులో పెద్దఎత్తున భూములు తడవక మరుసటేడు కరువొచ్చింది. అవే రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో 1876–78 మహా కరువు నడుస్తోంది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడిన, మన పెద్దలు ధాత కరువుగా చెప్పుకున్న కరువు అదే. రెండు సంగతులు కలిపి చూడాలని 19వ శతాబ్దం చివరికే ఇంజనీర్లు, వాతావరణ శాస్త్రవేత్తలు గుర్తించారు. రోడా స్తంభం మీది పాత రీడింగుల్ని ఎల్ నినో చరిత్ర తెలుసుకోవడానికి ఇప్పటికీ వాడుతున్నారు.

ఇప్పుడు నైలోమీటర్లు పనిచేయడం లేదు. అస్వాన్‌లో 1902లో మొదటి ఆనకట్ట, 1970లో హై డ్యామ్ పూర్తయ్యాక ఈజిప్టులో ఏటా వచ్చే వరదే లేదు. ఒండ్రు డ్యామ్ వెనకున్న నాసర్ సరస్సులోనే దిగిపోతుంది, పొలాలకు ఎరువులు కొనాల్సి వస్తోంది. నైలు పండగ మాత్రం ఆగస్టులో ఇప్పటికీ చేస్తారు.

ఈజిప్టు వెళ్లే ఉద్దేశం ఉంటే మూడు చోట్లు చూడండి. రోడాలో సొరంగాలు మూసేశారు కాబట్టి బావి అడుగు పొడిగా ఉంటుంది. మెట్లకు చాలావరకు రెయిలింగు లేదు, పిల్లలుంటే జాగ్రత్త. పైన కనిపించే రంగుల గోపురం తర్వాత కట్టిందే, అసలు చూడాల్సింది కిందున్న రాతి పని. కోమ్ ఓంబో ఆలయంలో గుండ్రటి బావి రకం ఉంది, నైలు క్రూజ్ పడవలన్నీ అక్కడ ఆగుతాయి. ఎలిఫాంటైన్‌కి అస్వాన్ ఒడ్డు నుంచి పడవలో దాటాలి. అక్కడ గీతలు చూడటానికి టార్చి తీసుకెళ్లండి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుంటేనే అరిగిపోయిన గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి.